నాలుగు రోజులూ మనవే

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా అమ్మ అంది, మా ఆయన అన్నాడు, ఆఖరికి పాలు పోసేవాడు కూడా అన్నాడు. పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నె లోపలికి తీసుకుపోయేదాన్ని కాదు. అయితే పెళ్లయిన కొత్తలో నేను పడ్డ అనుమానాలకు కారణాలు లేకపోలేదు. వినండి, మీరే చెబుదురు గాని.

డెబ్బైల మొదటి సంవత్సరాలు. మాది జమ్మికుంట దగ్గరి ఊరు. మా ఆయనకు గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పని. అక్కడ గనిని బాయి అనే అంటారు. తట్టా పారా పట్టుకుని లోపల బొగ్గు నింపే ఫిల్లర్ పని ఆయనది. పెళ్లయి ఎనిమిది నెలలైనా మాకు కాపురమంటూ లేదు. క్వార్టర్ రాలేదనీ, ఒక్క గదిలో ఆరుగురు మగవాళ్లతో ఉంటున్నాననీ, అక్కడికి నిన్నెట్లా తీసుకుపోతాననీ అనేవాడు. నేను అమ్మగారింట్లో ఉండేదాన్ని. నెలకోసారి వచ్చి, ఒక్కరోజుండి, డ్యూటీ ఉందంటూ పోయేవాడు.

రెండు సంగతులు మాత్రం నాకు మింగుడుపడేవి కావు. ఒకటి, ఉత్తరాలు తన పేరున రాయొద్దనేవాడు. తన దోస్తు పేరు, దోస్తు క్వార్టర్ నంబరు ఇచ్చి దానికే రాయమనేవాడు. పెళ్లాం రాసే ఉత్తరం దోస్తు చేతి మీదుగా ఎందుకు పోవాలి? రెండోది, మా నాన్న ఒకసారి అల్లుడు పనిచేసే చోటు చూసి వస్తానంటే, "ఏముంటది మామా ఆడ, బొగ్గు తప్ప" అని నవ్వి మాట దాటేశాడు. నవ్వాడు గాని ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. నేను చూశాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఉత్తరం వచ్చింది. దోస్తు వాళ్లు ఊరికి పోతున్నారట, క్వార్టర్ ఖాళీగా ఉంటుందట, తను సెలవు పెట్టాడట. "నాలుగు రోజులూ మనవే" అని రాశాడు. మొదటి రోజు సినిమా. రెండో రోజు గోదావరి ఒడ్డుకు షికారు. మూడో రోజు ఫోటో స్టూడియోలో ఇద్దరం కలిసి ఫోటో. నాలుగో రోజు "యాడికి పోవుడు లేదు, తలుపేసుకొని ఇంట్లనే" అని రాసి దాని కింద గీత గీశాడు. ఆ గీత చూసి నాకు సిగ్గు ముంచుకొచ్చి ఉత్తరం బియ్యం డబ్బాలో దాచుకున్నాను. సినిమాల్లో జంటలు కొండలమీదికీ సముద్రాల దగ్గరికీ పోతారు. మాకు గోదావరిఖనే కొండ, అదే సముద్రం.

ఉత్తరం చివర ఇంకో ముక్క ఉంది. "స్టేషన్‌ల నేనుంట. ఆలస్యమైతె సీదా క్వార్టర్‌కు పో. ఎవ్వలను నా పేరు చెప్పి అడగకు." సిగ్గుపడే వాక్యాలు ఒక్కసారి చదివాను. ఈ వాక్యం మాత్రం పదిసార్లు చదివాను.

ఒక్కదాన్నే రైలెక్కడం అదే మొదటిసారి. గోదావరిఖనికి రైలు స్టేషన్ అయిన రామగుండంలో దిగి ట్రంకుపెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. మా ఆయన లేడు. కంటి రెప్పల అంచున కాటుకలాగా బొగ్గు నిలిచిపోయిన మనిషి ఒకాయన మాత్రం ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ ఎవరి పేరో చెప్పి, "ఆయన భార్య వచ్చిందా, ఎవలమ్మా?" అని అరుస్తున్నాడు. ఆ పేరు నేనెప్పుడూ విన్నది కాదు. నా దగ్గరికొచ్చి కూడా అడిగాడు.

"ఆయన పెండ్లానివి నువ్వేనా అమ్మా?"

"నేనెందుకైత? పో, పో" అన్నాను. పెట్టెను కాలితో ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. పెళ్లాన్ని తీసుకుపోవడానికి తను రాకుండా మనిషిని పంపిన ఆ మొగుడెవడో గాని, ఆ ఇల్లాలి బతుకు ఎట్లా ఉందోనని మనసులో జాలి కూడా పడ్డాను.

గంటన్నర చూసి బస్సెక్కాను. క్వార్టర్ దొరికింది గాని తలుపుకు తాళం. పక్కింట్లోంచి నలభై ఏళ్ల ఆమె బయటికొచ్చింది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ, ఒంటిమీద దవాఖానలో ఆయాలు కట్టే తెల్లచీర. ఆమె భర్త బాయిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాడనీ, ఆమె కంపెనీ దవాఖానలో ఆయా అనీ తర్వాత తెలిసింది.

"ఎవలు గావాలె?" అంది.

మొగుడి పేరు నోటితో పలకడం మా వైపు అలవాటు లేదు. జనాభా లెక్కల వాళ్లు అడిగినా పక్కనున్నవాళ్ల చేత చెప్పిస్తారు. ఆయన కూడా పేరు చెప్పి అడగొద్దనే రాశాడు. కాని ఒక్కదాన్ని, పరాయి ఊరు, స్టేషన్లో మొగుడు లేడు. కోపం మీద టక్కున పేరు చెప్పేశాను. జీవితంలో మొదటిసారి ఆయన పేరు పలికాను.

"గా పేరుగల్లోళ్లు ఈడ ఎవ్వలు లేరు" అంది ఆమె.

 అటూ ఇటూ చూసి, క్వార్టర్ వాళ్ల చుట్టాన్నని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మొగడు పెండ్లాం ఇద్దరొస్తరు, తాళంచెవి ఇయ్యిమని చెప్పిపోయిన్రు. నువ్వొక్కదానివే వస్తివి" అంది. చెవి ఇచ్చింది గాని ఆ సాయంత్రమంతా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా మా తలుపు వైపు చూస్తూనే ఉంది. నేనూ కిటికీ సందులోంచి ఆమెను చూస్తూనే ఉన్నాను.

ఆయన రాలేదు. షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా లేచి తలుపు దగ్గరికి పోయాను. నల్లటి మొహాలు గుంపులు గుంపులుగా పోతున్నాయి, ఒక్కటీ ఆయనది కాదు. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? ఈ ఊళ్లో ఆయనకు ఇంకో సంసారం ఉంది. అందుకే ఉత్తరాలు దోస్తుకు. అందుకే బాయి దగ్గరికి రావద్దు. అందుకే పేరు చెప్పి అడగొద్దు. మరి నన్నెందుకు రమ్మన్నాడు? రమ్మన్నాక ఆమెకు తెలిసిపోయి ఉంటుంది, పోనిచ్చి ఉండదు. ఒక్కొక్క ముక్కా చక్కగా అతికింది. ఎంత బాగా అతికితే అంత ఏడుపొచ్చింది.

మర్నాడు ఏడుపు పోయి పంతం వచ్చింది. రాకపోతే మానె. ఇంత దూరం వచ్చింది ఎవరివో గోడలు చూస్తూ కూర్చోవడానికా? ఆయన రాసిన ప్రకారం నేనే తిరుగుతాననుకుని, పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని మ్యాటనీకి పోయాను. నిజం చెప్పొద్దూ, సినిమా మీద మోజుతో పోలేదు. ఆమెతో వస్తే పట్టుకుందామని పోయాను. ఆడవాళ్ల బెంచీలో కూర్చుని తెర వైపు కాకుండా మగవాళ్ల వైపు చూశాను. ఇంటర్వెల్లో లైట్లు వేయగానే నిలబడి తలలన్నీ ఒక్కొక్కటే వెతికాను. పక్కనున్న ఆమె, "ఏందమ్మా, ఏమన్న పోగొట్టుకున్నవా?" అంది. కాదని చెప్పాను. ఆ సినిమా కథేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అట్నుంచి అటే గోదావరికి పోయాను. నీళ్లు తగ్గి ఇసుక మైళ్ల దూరం తెల్లగా ఉంది. దూరంగా పవర్‌హౌస్ పొగగొట్టం. ఇద్దరం నడవాల్సిన ఇసుకలో ఒక్కదాన్నే, పట్టుచీరతో, కోపంగా నడిచాను. బట్టలు ఉతుకుతున్న ఒక అవ్వ చేతిలో పని వదిలి నా వెంటబడింది.

"బిడ్డా, ఒక్కదానివే వచ్చినవేంది? నీళ్లల్లకు దిగకు. ఇంటికాడ ఏమన్న లొల్లి అయిందా?"

"ఏం లేదవ్వా, ఊకె చూడ్డానికొచ్చిన."

"గంత మంచి చీర కట్టుకొని ఊకె చూడనీకొస్తరా?" అని ఆమె నమ్మలేదు. నేను చచ్చిపోవడానికి వచ్చాననే అనుకుంది. తడిచేతులతో నా మోచెయ్యి పట్టుకుని రోడ్డెక్కించి, నేను కాలనీ దారి పట్టేదాకా అక్కడే నిలబడింది. ఆ రెండు రోజుల్లో నన్ను ముట్టుకున్న మనిషి ఆ అవ్వ ఒక్కతే.

మూడో రోజు ఫోటో రోజు. ట్రంకులోంచి మా పెళ్లి ఫోటో తీశాను. దాన్ని పట్టుకుని బాయి మీదికే పోయి, దిగేవాళ్లకు లాంపులిచ్చే గది దగ్గర నిలబడి, ఈ మొహం ఎవరిదో చెప్పమని అందరినీ అడుగుదామని నిర్ణయించుకున్నాను. రావద్దన్న చోటికే పోతాను, ఏం చేస్తాడో చూస్తాను. గుమ్మం దాటుతుంటే పక్కింటి అక్క ఎదురుపడింది. నా చేతిలో ఫోటో లాగినట్టే తీసుకుని చూసింది.

"గీయన... గీయన మా వార్డుల ఉన్నడు గదా! కాలు మీద బండ పడ్డాయన!"

 "నీకు తెల్వదంటివి?"

"నువ్వు చెప్పిన పేరు వేరే, ఆయన పేరు వేరే. మొగని పేరు టక్కున చెప్పే పెండ్లాన్ని నేనెన్నడు చూడలే. నువ్వు ఎంక్వయిరీకొచ్చిన ఆఫీసోళ్ల మనిషివనుకున్న" అంది. ఏ ఎంక్వయిరీ అని అడిగితే చెప్పలేదు. "నాతోటి దవాఖానకు నడువు. ఆడ మాత్రం నోరు తెరువకు. గీ పేరు అసలే పలుకకు" అంది.

సాయంత్రం ములాఖాతు టైముకు తీసుకుపోయింది. వార్డు గుమ్మం దగ్గర గుమాస్తా రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. అక్క ఒక పేరు చెప్పింది. ఆ పేరు! స్టేషన్లో బొగ్గు కళ్ల మనిషి అరిచిన పేరు అదే.  అయితే ఆ రోజు నేను జాలిపడ్డది నా మీదే.

గుమాస్తా, "ఆయన భార్య పొద్దుగాలనే వచ్చి లోపలున్నది. ఈమె ఎవరు?" అన్నాడు.

"మరదలు సార్" అంది అక్క, నా మణికట్టు గట్టిగా పట్టుకుని.

లోపల మూడో మంచం మీద మా ఆయన. కుడికాలు తొడదాకా పిండికట్టు. మంచం పక్కన స్టూలు మీద ముప్పై ఏళ్ల ఆమె, మెడలో పుస్తెలు, నుదుట రూపాయంత బొట్టు. నన్ను చూడగానే మా ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. నాకేం కావాలి ఇంక? రెండు రోజులు అతికించుకున్న ముక్కలన్నీ నిజమై స్టూలు మీద కూర్చున్నాయి.

నేను నోరు తెరిచేలోపే గుమాస్తా కాగితమూ ఇంకు పెట్టె పట్టుకుని వెనకాలే వచ్చాడు. "అమ్మా, రికార్డుల నీ పేరే ఉన్నది. దెబ్బ తాకిందని మీ ఊరికి ఖబరు పంపింది మేమే. ఈయన నీ భర్తేనా? మంచిగ చూసి చెప్పు. పేర్లు మార్చి పనిచేసెటోళ్లు ఉన్నరని పై నుంచి హుకుం వచ్చింది. అవునంటే ఈడ వేలిముద్ర వెయ్యి" అన్నాడు.

ఆమె మా ఆయనను చూడలేదు. నన్ను చూసింది. నా మెడలో ఇంకా రంగు పోని పసుపుతాడును చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బొటనవేలు ఇంకులో అద్ది, "అవును, నా పెనిమిటే" అని కాగితం మీద ముద్ర వేసింది.

గుమాస్తా పోగానే నేను ఆమె రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయాను. "ఒసే, ఎన్నేండ్ల సంది నడుస్తున్నదే ఈ బాగోతం?" అన్నాను. ఒసే అనే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఆమె కోపగించుకోలేదు. "మెల్లగ, చెల్లె. నీ మొగని నౌకరి పోతది" అంది. తర్వాత చెప్పింది. ఆమె భర్త ఆరేళ్ల కింద బాయి పని దొరికిందని ఇల్లు విడిచాడు. మళ్లీ రాలేదు, ఉత్తరం లేదు. ఇప్పుడు దెబ్బ తాకిందని కంపెనీ నుంచి ఖబరు పోతే పరుగెత్తుకొచ్చింది. "బస్సుల దారిపొడుగున మొక్కుకుంట వచ్చిన. దూరం నుంచి మంచం మీద పాదం కనవడ్డది. గప్పుడే తెల్సింది, ఆయనది కాదని. ఆయనకు నడిమి ఏలు పొట్టి."

నేను నమ్మలేదు. నన్ను నేను ఎరుగుదును గదా, నేను నమ్మను. మళ్లీ లోపలికి పోయి మా ఆయన చెవి దగ్గర వంగి, "నిజం చెప్తవా, వార్డంత వినేటట్టు మొత్తుకోమంటవా?" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని చెప్పాడు. అప్పట్లో బాయి పనికి పేరు ఎక్కడమే కష్టం. పేరెక్కిన ఒక మనిషి నాలుగు వారాలు లోపలికి దిగి, ఆ చీకటికి భయపడి, బొంబాయి పోతానని తన కాగితాలు ఈయన చేతిలో పెట్టి పోయాడు. ఈయన ఆ పేరుతో దిగాడు. ఆ తండ్రి పేరు, ఆ ఊరు, ఆ భార్య పేరు అన్నీ కంఠస్థం చేసుకున్నాడు. బాయి మీద ఆ పేరే. సెలవుకు ముందు ఆఖరి షిఫ్టులో దెబ్బ తగిలాక నన్ను తీసుకురమ్మని తోటి పనివాణ్ని స్టేషన్‌కు పంపుతూ, అలవాటుకొద్దీ ఆ పేరే చెప్పాడు. వాడు తిరిగొచ్చి ఎవరూ దిగలేదన్నాడు. నేను రాలేదనుకుని ఈయన ఇక్కడ అలిగి పడుకున్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె మీ నాయిన పిల్లనిస్తుండెనా?"

"ఆమె తరఫోళ్లు ఎవ్వలన్న ఎన్నడన్న వెతుక్కుంట వచ్చిన్రా?" అని అడిగాను. అనుమానం గల మనిషికే అట్లాంటి ప్రశ్న తోస్తుంది.  వచ్చాడట. రెండేళ్ల కింద ఆమె అన్న వచ్చి బాయి గేటు దగ్గర రోజంతా కూర్చున్నాడట. రిజిస్టర్లో పేరుంది, డ్యూటీకి దిగాడు అని చెప్పారట. ఈయన వెనక దారిన తప్పించుకుపోయాడట.

నాకు ఆయన మీద అసహ్యం వేసింది. పెళ్లయ్యాక మొదటిసారి. "నాకు ఈ దొంగ పేరు నౌకరి వద్దు. కాలు మానంగనే పేరు కొట్టేయించుకో. మా నాయినతోటి ఎవుసం చేస్తవో, కూలికి పోతవో, నీ పేరుతోటి నువ్వు బతుకు. లేకపోతె నేను రాను, గంతే" అన్నాను. ఆయన తలూపాడు. కళ్లలో నీళ్లు కూడా పెట్టుకున్నాడు. నమ్మాను.

దవాఖానలో ఒక మంచానికి ఒక్క పాసే ఇస్తారు, అది భార్యకే. అందుకని నాలుగో రోజు ఆమె ఆయన దగ్గర కూర్చుంది. ఇంకా ఏవో కాగితాల మీద ఆమె ముద్రలు కావాలన్నారట. నేను క్వార్టర్లో ఉన్నాను. ఆయన రాసినట్టే ఎక్కడికీ పోలేదు, తలుపేసుకుని ఇంట్లోనే, ఒక్కదాన్నే. ముందు రాత్రి ఆమె నాతోనే ఆ క్వార్టర్లో పడుకుంటే ట్రంకు చెవి నడుముకు చుట్టుకుని పడుకున్నాను. ఇప్పుడు ఆమె మా ఆయనకు గంజి తాగిస్తూ ఉంటుందని తలుచుకుని ఒళ్లు మండింది. ఆమె చెప్పిందంతా నిజమే, ఈయన చెప్పిందీ నిజమే. అయినా నా మంచం మీద నేను, నా మొగుడి మంచం దగ్గర ఆమె. ఆ పగలు ఎంతకూ తెగలేదు.

సాయంత్రం ఆమె ఊరికి బయల్దేరితే బస్టాండు దాకా వెంట పోయాను. సాగనంపడానికి కాదు, నిజంగా బస్సెక్కుతుందో లేదో చూడ్డానికి. బస్సు ఇంకా రాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"నీ మాట మీద పేరు కొట్టేయించుకుంటనని ఆయన చెప్పిండు. వద్దు చెల్లె."

"ఎందుకొద్దు?"

"పేరు కొట్టేస్తె మా ఊరికి ఇంకో కాయితం వస్తది, నౌకరి ఇడిచి పోయిండని. గిప్పుడైతె ఆయన బాయిల ఉన్నడు, ఇంటికి రాడు, అంతే. బాయిల ఉన్నడు, ఎన్నటికైన వస్తడని నన్ను ఆ ఇంట్ల ఉండనిస్తున్నరు, నా పాలు పొలం నన్ను దున్నుకోనిస్తున్నరు. లేడంటె ఆయన తమ్ముళ్లు తెల్లారి నన్ను బయటికి దొబ్బుతరు. నేను ఊర్ల చెప్త, చూసొచ్చిన, కాలు ఇరిగింది, పానం మంచిగనే ఉన్నదని. నీ పెనిమిటిని ఆ పేరు మీద పని చెయ్యనియ్యి. గంతకంటె ఏమడుగ."

బస్సు వచ్చింది.  ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, జవాబు కోసం నా వైపే చూస్తోంది. ఈమె నా మొగుణ్ని ఎక్కడ ఎత్తుకుపోతుందోనని కాపలా కాస్తూ వచ్చాను. ఆమె మొగుడి ఆచూకీ చెప్పకుండా గేటు వెనక నుంచి పారిపోయినవాడు నా మొగుడు. తన మొగుడు ఎక్కడికి పోయాడని కూడా ఆమె అడగలేదు. నాకు అక్కడే, అందరి ముందూ, ఏడుపు తన్నుకొచ్చింది.

"మాననియ్య, అక్కా" అన్నాను. బస్సు కదిలితే పక్కనే పరుగెత్తి మళ్లీ చెప్పాను, "ఆయన మానుతనన్నా నేను మాననియ్య."

మాననివ్వలేదు. ఆయన రిటైరయ్యేదాకా ఆమె మొగుడి పేరుతోనే బాయిలోకి దిగాడు.